కౌంటీ జైలు వైద్యానికి ఏ కంపెనీ? టెండరు కమిటీలో ఉన్నాను, తెలిసినవారు చెప్పండి

పాలమూరు_ప్రవాసి (టెక్సాస్)

అందరికీ నమస్కారం. మా కౌంటీ జైలులో వైద్య సేవల కాంట్రాక్టు వచ్చే ఏడాది ముగుస్తుంది. కొత్త టెండరు పిలిచారు, మూడు కంపెనీలు దాఖలు చేశాయి. మార్కులు వేసే కమిటీలో అధికారులతో పాటు ఇద్దరు మామూలు పౌరులకు చోటిచ్చారు, అందులో నేనొకడిని. ఆసుపత్రి కొనుగోళ్ల విభాగంలో పని చేస్తాను కాబట్టి పిలిచినట్టున్నారు. సిరంజిలు, చేతి తొడుగులు, స్కానింగ్ యంత్రాలు కొన్నాను గానీ, సుమారు వెయ్యి మంది మనుషుల వైద్యాన్ని గంపగుత్తగా కొనడం నాకు కొత్త.

ఇండియా నుంచి చదివేవారి కోసం రెండు మాటలు. ఇక్కడ రాష్ట్ర కారాగారం వేరు, కౌంటీ జైలు వేరు. శిక్ష పడి ఏళ్ల తరబడి ఉండేవారు కారాగారంలో ఉంటారు. కౌంటీ జైలులో ఎక్కువ మంది విచారణ ఖైదీలు: నిన్న రాత్రి పట్టుకొచ్చినవారు, బెయిలు డబ్బు కట్టలేనివారు, మతి స్థిమితం లేక రాష్ట్ర మానసిక వైద్యశాలలో మంచం ఖాళీ అయ్యేదాకా నెలల తరబడి కాచుకున్నవారు. జైలును నడిపేది ఎన్నికల్లో గెలిచిన షెరీఫ్. డబ్బు మంజూరు చేసేది కౌంటీ జడ్జి, నలుగురు కమిషనర్లు ఉండే పాలకమండలి. కాంట్రాక్టు మీద సంతకం చేసేది మండలి, రోజూ ఆ కంపెనీతో వేగేది షెరీఫ్.

మార్కుల పట్టికలో ధరకు 40, అనుభవానికి 25, సిబ్బంది ప్రణాళికకు 20, తక్కిన 15 చిల్లరగా పంచారు. అన్నిటికన్నా తక్కువ ధర వేసిన కంపెనీకీ మిగతా రెండింటికీ తేడా బాగానే ఉంది. దరఖాస్తులు చదివితే మాత్రం ముగ్గురూ ఒకరి కాగితం చూసి ఒకరు రాసినట్టుంది. నేను ఏమి చూడాలి?


లెక్కల_మాస్టారు (నార్త్ కరోలినా)

కటువుగా అనిపించినా అడుగుతాను. ముగ్గురూ ఒకే పని చేస్తామంటున్నప్పుడు తక్కువ ధరకు ఇవ్వడంలో తప్పేమిటి? జైలు ఖర్చంతా ఇంటి పన్నులోంచి పోయేదే. ఏ నేరమూ చేయకుండా ఉద్యోగం పోగొట్టుకుని, బీమా లేక, పంటి నొప్పికి కూడా డాక్టరు దగ్గరకు వెళ్లని మనవాళ్లు నాకు తెలుసు. వాళ్లకు లేని సౌకర్యం జైల్లో ఎందుకు పెరగాలి?


చట్టం_చుట్టం (షికాగో)

మాస్టారూ, మీ కోపం న్యాయమైనదే. కానీ చట్టం మరో దారిలో నడిచింది. బయట ఉన్నవాడు కనీసం అత్యవసర విభాగానికి నడిచి వెళ్లగలడు. లోపల తాళం వేసింది ప్రభుత్వం కాబట్టి వైద్యం చూపించాల్సిందీ ప్రభుత్వమే. 1976లో ఎస్టెల్ వర్సెస్ గ్యాంబుల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. గ్యాంబుల్ టెక్సాస్ ఖైదీ, పనిలో పత్తి బేలు మీద పడి నడుము దెబ్బతింది. తన కేసులో ఆయన గెలవలేదు గానీ, తీవ్రమైన రోగం ఉందని తెలిసీ పట్టించుకోకపోవడం రాజ్యాంగ విరుద్ధమనే సూత్రం మాత్రం నిలబడిపోయింది. అది శిక్ష పడినవారి గురించి. విచారణ ఖైదీలకు పద్నాలుగో సవరణ కింద అంతకు తక్కువ కాని రక్షణ ఉంది.

రెండోది మీ నార్త్ కరోలినా కేసే: 1988, వెస్ట్ వర్సెస్ అట్కిన్స్. కాంట్రాక్టు మీద పని చేసే డాక్టరైనా ప్రభుత్వం తరఫున పని చేస్తున్నట్టే లెక్క, పనిని బయటివారికి అప్పగించినంత మాత్రాన ప్రభుత్వం బాధ్యత తీరిపోదు అని తేల్చారు. అంటే పాలమూరు గారి కౌంటీ కొనేది వైద్య సేవ మాత్రమే. బాధ్యతను ఎవరికీ అమ్మడం కుదరదు.

ఇంకో చిక్కు. 1965లో మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవారికి ప్రభుత్వ ఆరోగ్య బీమా) పెట్టినప్పుడే జైల్లో ఉన్నవారి వైద్యానికి ఆ డబ్బు వాడకూడదని రాశారు. ఖైదీని బయటి ఆసుపత్రిలో 24 గంటలు దాటి ఇన్‌పేషెంటుగా చేర్చినప్పుడు కొంత వెసులుబాటు ఉంటుంది. కాలిఫోర్నియా 2023లో అనుమతి తెచ్చుకుని విడుదలకు ముందు 90 రోజుల వరకు కొన్ని సేవలకు ఆ డబ్బు వాడుకునే వీలు కల్పించుకుంది. టెక్సాస్‌లో ఆ బీమాను మరింత మంది పేదలకు విస్తరించడమే జరగలేదు. కాబట్టి దాదాపు మొత్తం భారం కౌంటీదే.


రాత్రి_డ్యూటీ (నర్సు)

నేను ఈ పని చేశాను. వేరే రాష్ట్రంలో, ఒక ప్రైవేటు కంపెనీ తరఫున, కౌంటీ జైలులో రాత్రి నర్సుగా. కంపెనీ పేరు అడగవద్దు.

పాలమూరు గారూ, దరఖాస్తులో మొదటి వంద పేజీలు పక్కన పెట్టండి. జైలు వైద్యంలో ప్రాణాలు పోయేది చాలావరకు మొదటి మూడు నాలుగు రోజుల్లోనే. మనిషిని పట్టుకొస్తారు. తాగి ఉంటాడు, లేదా ఏదో మింగి ఉంటాడు, లేదా షుగరు పడిపోయి తూలుతుంటాడు. పైకి ముగ్గురూ ఒకేలా కనిపిస్తారు. ఆ బల్ల దగ్గర ప్రశ్నలు అడిగేది నర్సా, గార్డా? నర్సయితే పూర్తి శిక్షణ ఉన్న రిజిస్టర్డు నర్సా, తక్కువ శిక్షణ ఉన్న వొకేషనల్ నర్సా? రాత్రి రెండు గంటలకు కూడా ఆమే ఉంటుందా? ఇది అడగండి.

రోజూ తాగేవాడికి మందు ఆగిపోతే కొన్ని గంటల్లోనే వణుకు మొదలవుతుంది. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య మతి చెడి, జ్వరం, మూర్ఛలు వచ్చి చనిపోవచ్చు. దీనికి లెక్క ప్రకారం మార్కులు వేసే పట్టిక ఉంది. కొన్ని గంటలకొకసారి మనిషి దగ్గరకు వెళ్లి నాడి, చెమట, వణుకు చూసి రాయాలి. నలభై మందికి చూడాల్సిన రాత్రి ఇద్దరు నర్సులే వస్తే ఏమవుతుందో ఊహించుకోండి. తలుపు సందులోంచి చూసి 'నిద్రపోతున్నాడు' అని రాస్తారు. నల్లమందు జాతి మత్తు మానినవాడి సంగతీ అంతే. 'దానివల్ల ఎవరూ చావరు' అంటారు గానీ, రోజుల తరబడి వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు ఇంకిపోయి చనిపోయినవారు ఉన్నారు.

షుగరు రోగుల విషయం అడిగితే కంపెనీ బండారం సగం బయటపడుతుంది. ఇన్సులిన్ ఇచ్చేది మా వాళ్లు, భోజనం తెచ్చేది వంట కాంట్రాక్టరు, తలుపు తెరిచేది గార్డు. మూడు చేతులు కలవాలి. సూది ఐదింటికి, పళ్లెం ఏడింటికి అయితే మధ్యలో మనిషి పడిపోతాడు. మూడు కంపెనీలనూ ఒకే ప్రశ్న అడగండి: 'అర్ధరాత్రి వచ్చిన ఇన్సులిన్ రోగికి మొదటి మోతాదు ఎన్నింటికి అందుతుంది, అప్పటికి అతని పాత మందుల వివరం ఎవరు, ఎవరిని అడిగి తెలుసుకుంటారు?' తడుముకోకుండా చెప్పినవారు ఆ పని నిజంగా చేస్తున్నవారు.

ఇంకొక మాట. జైల్లో అన్నిటికన్నా ప్రమాదకరమైన రోగ నిర్ధారణ 'నటిస్తున్నాడు' అన్నది. కొత్త నర్సులకు మొదటి వారంలోనే అది అంటుకుంటుంది. నటించేవాళ్లు ఉన్నారు, కాదనను. కానీ గుండె నొప్పిని కూడా నటనగా తేల్చే అధికారం గార్డుకు ఉండకూడదు.


పాలమూరు_ప్రవాసి

అక్కా, ఇది పది దరఖాస్తులు చదివినా దొరకని సమాచారం. సిబ్బంది ప్రణాళిక అని ముగ్గురూ అందమైన పట్టిక ఇచ్చారు: ఏ షిఫ్టుకు ఎందరు, వారానికి ఎన్ని గంటలు. అది నమ్మవచ్చా?


రాత్రి_డ్యూటీ

పట్టిక నిజమే, అందులోని మనుషులే ఉండరు. కౌంటీ డబ్బు కట్టేది పట్టికలోని గంటలకు. ఖాళీలు నింపకపోతే ఆ జీతం మిగిలేది కంపెనీకి. కాబట్టి 'ఖాళీగా ఉన్న ప్రతి గంటకూ జీతం, అలవెన్సులతో కలిపి బిల్లులో కోత' అని కాంట్రాక్టులో ఉండాలి. కొన్ని చోట్ల 'నెల మొత్తం మీద 90 శాతం గంటలు నిండితే చాలు' అని రాసుకుంటారు. పగలు గుమాస్తాలతో ఆ లెక్క నింపి రాత్రి నర్సు లేకుండా గడిపేయవచ్చు. హోదా వారీగా, షిఫ్టు వారీగా లెక్కించమనండి. పగటి గుమాస్తా గంట, రాత్రి నర్సు గంట ఒకటి కావు.


గోదారి_గట్టు (వర్జీనియా, కాంట్రాక్టుల ఆడిట్)

ధర విషయం నేను చెబుతాను. మాస్టారు 'తక్కువ ధర' అంటున్నారు. అది నిజంగా తక్కువో కాదో మొదటి పేజీలో తెలియదు.

ఊహకు అందేలా: కాంట్రాక్టు ఏడాదికి 80 లక్షల డాలర్లు అనుకోండి. అది రోజుకు సగటున 1,000 మంది ఖైదీల లెక్కన. 1,050 దాటితే తలకు రోజుకు ఇంత అని అదనం. సంఖ్య తగ్గితే కౌంటీకి తగ్గింపు ఉందా? చాలా కాంట్రాక్టుల్లో పైకి వెళ్లే మెట్లుంటాయి, కిందికి దిగేవి ఉండవు.

తర్వాత బయటి వైద్యం: అంబులెన్సు, అత్యవసర విభాగం, ఆపరేషను, డయాలిసిస్. దీనికి మూడు పద్ధతులు. మొత్తం కంపెనీయే భరించడం ఒకటి, మొత్తం కౌంటీ భరించడం ఒకటి, ఏడాదికి ఫలానా మొత్తం వరకు కంపెనీ, ఆపైన కౌంటీ అన్నది మూడోది. కంపెనీయే అంతా భరిస్తే రోగిని ఆసుపత్రికి పంపిన ప్రతిసారీ దాని లాభం తరుగుతుంది. మంచి డాక్టరైనా 'రేపు చూద్దాం' అనే వైపు మొగ్గుతాడు. కౌంటీయే అంతా భరిస్తే, జైల్లో కుట్లు వేయగలిగిన గాయానికి కూడా అంబులెన్సు పిలుస్తారు. మూడో పద్ధతిలో పరిమితి ఎంత, వాడకుండా మిగిలిన డబ్బు ఎవరికి, పరిమితి దాటే బిల్లులను తనిఖీ చేసేదెవరు అన్నవి చూడాలి. మిగిలింది కౌంటీకి తిరిగి రావాలి, లేదంటే అది మొదటి పద్ధతే.

చివరగా మినహాయింపుల పేజీ. హెపటైటిస్ సి, హెచ్ఐవి, క్యాన్సరు, హీమోఫీలియా (రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు) లాంటివాటి ఖరీదైన మందులు 'ఈ ధరలో చేరవు' అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఒక్క హీమోఫీలియా రోగి వస్తే తక్కువ ధర కాస్తా అందరికన్నా ఎక్కువ ధర కావచ్చు. మూడు దరఖాస్తులనూ ఒకే కొలతకు తెచ్చి, గత మూడేళ్ల అసలు బిల్లులను ఒక్కో కంపెనీ షరతుల్లోంచి పారించి చూడండి. అప్పుడు వచ్చే మొత్తమే ధర.


లెక్కల_మాస్టారు

ఇది నాకు అర్థమయ్యే భాష. అయితే నా సవరణ: ధర మార్కులు 40 నుంచి తగ్గించవద్దు. గట్టు గారు చెప్పిన అసలు ధరకు ఆ 40 వేయండి.

ఒక అనుమానం. జబ్బు ముదిరిన ఖైదీని ఆసుపత్రికి పంపే ముందు జడ్జి దగ్గర సొంత పూచీకత్తు మీద విడుదల చేయించి, బిల్లు తప్పించుకుంటారని విన్నాను. నిజమేనా?


గోదారి_గట్టు

జరుగుతుంది. కొన్నిసార్లు మానవత్వంతో, కొన్నిసార్లు బిల్లు చూసి. ఐసీయూలో ఉండగా విడుదల చేస్తే ఆ మరణం జైలు మరణాల లెక్కలోకి రాకుండా పోయే అవకాశమూ ఉంది. కంపెనీ 'మా దగ్గర మరణాలు తక్కువ' అంటే, ఆసుపత్రి మంచం మీద విడుదలైనవారిని కూడా కలిపి చెప్పమనండి.


చట్టం_చుట్టం

ఇక బీమా, పూచీ. ప్రతి కంపెనీ 'దావాలు పడితే కౌంటీకి నష్టం రాకుండా మేమే భరిస్తాం' అని రాసిస్తుంది. రాసిచ్చినవాడు నిలబడితేనే ఆ మాటకు విలువ. 2011లో జైలు వైద్యం చేసే రెండు పెద్ద కంపెనీలు కలిసి కొరైజన్ ఏర్పడింది. 2022లో అది తనను తాను రెండుగా చీల్చుకుంది. నడుస్తున్న వ్యాపారం ఒకవైపు పోయింది, పాత దావాల్లో చాలా భాగం టెహమ్ అనే కొత్త పేరు నెత్తిన పడ్డాయి. 2023 ఫిబ్రవరిలో టెహమ్ హ్యూస్టన్‌లో దివాలా పిటిషను వేసింది. ఈ రంగంలో మరో పెద్ద కంపెనీ వెల్‌పాత్ 2024 నవంబరులో అదే టెక్సాస్ దివాలా కోర్టుకు వెళ్లింది. పిటిషను పడగానే కంపెనీ మీదున్న దావాలు ఆగిపోతాయి. చనిపోయినవారి కుటుంబాలు అప్పులవాళ్ల వరుసలో నిలబడాలి. కుటుంబం తరఫు లాయరు అప్పుడు ఎవరి వైపు చూస్తాడు? కౌంటీ వైపే.

బీమాలో రెండు రకాలు. సంఘటన జరిగిన నాటికి పాలసీ ఉంటే చాలన్నది ఒకటి, దావా వేసిన నాటికి పాలసీ బతికి ఉండాలన్నది రెండోది. ఇలాంటి హక్కుల దావాలకు టెక్సాస్‌లో గడువు రెండేళ్లు. కంపెనీ వెళ్లిపోయిన ఏడాదిన్నరకు దావా పడితే, రెండో రకం పాలసీ అప్పటికి రద్దయి ఉండవచ్చు. మొదటి రకం అడగండి. ఇవ్వకపోతే కాంట్రాక్టు ముగిశాక కూడా కొనసాగే పొడిగింపు బీమా ముందే కొనిపించండి. దానిపైన, కంపెనీ మాట తప్పితే కౌంటీకి డబ్బు వచ్చేలా పనితీరు హామీ బాండు కూడా అడగండి.


హ్యూస్టన్_వైద్యుడు

ఇంతవరకు చర్చ 'ఏ కంపెనీ' అన్న దగ్గరే తిరుగుతోంది. అసలు కంపెనీయే కావాలా అన్నది కమిటీ ముందు పెట్టారా? డల్లాస్ కౌంటీ జైలు వైద్యం 2006 నుంచి పార్క్‌ల్యాండ్ ప్రభుత్వ ఆసుపత్రి చేతిలో ఉంది. మా హారిస్ కౌంటీలో అంతకుముందు షెరీఫ్ కార్యాలయమే నడిపేది, 2022లో హారిస్ హెల్త్ తీసుకుంది. షికాగోలో కుక్ కౌంటీ జైలుకు కౌంటీ ఆరోగ్య వ్యవస్థలోని సెర్మాక్ విభాగం ఉంది. న్యూయార్క్ నగరం రైకర్స్ దీవి జైలులో కొరైజన్‌ను సాగనంపి 2016 నుంచి నగర ప్రభుత్వ ఆసుపత్రుల సంస్థకు అప్పగించింది. ఖైదీ బయటకు వచ్చాక అదే ఆసుపత్రికి వెళ్తాడు కాబట్టి వైద్య రికార్డు తెగిపోదు.

రాయిటర్స్ వార్తా సంస్థ 2020లో ఐదు వందలకు పైగా జైళ్ల లెక్కలు తీసింది. 2008 నుంచి 2019 వరకు 7,571 మరణాలు నమోదయ్యాయి. వారిలో మూడింట రెండు వంతుల మంది, తమను జైల్లో పెట్టిన నేరం ఇంకా రుజువు కానివారు. 2016 నుంచి 2018 వరకు చూస్తే, ఐదు పెద్ద కంపెనీల చేతిలో ఉన్న జైళ్లలో మరణాల రేటు ప్రభుత్వమే వైద్యం నడిపే జైళ్లకన్నా, కంపెనీని బట్టి, 18 నుంచి 58 శాతం ఎక్కువ.


లెక్కల_మాస్టారు

డాక్టరు గారూ, ఆ అంకె చూసి తీర్పు చెప్పలేం. వైద్యం అప్పటికే కుప్పకూలిన జైళ్లే కంపెనీలను పిలిచి ఉండవచ్చు కదా? పెద్ద ఆసుపత్రి పక్కనున్న జైలునూ, ఊరికి దూరంగా ఉన్న జైలునూ ఒకే త్రాసులో వేయలేం. పైగా మీ హారిస్ జైలులో ఆసుపత్రి తీసుకున్నాక కూడా మరణాల వార్తలు చదువుతూనే ఉన్నాం.


హ్యూస్టన్_వైద్యుడు

రెండూ ఒప్పుకోదగ్గ మాటలే. ఆ లెక్క కారణాన్ని నిరూపించదు, అనుమానించడానికి మాత్రం చాలు. హారిస్‌లో కిక్కిరిసిన జైలు, గార్డుల కొరత అలాగే ఉన్నాయి, డాక్టర్ల బ్యాడ్జీ మారినంత మాత్రాన అవి తీరవు. నా పాయింటు చిన్నది: దగ్గర్లో ప్రభుత్వ ఆసుపత్రిని నడిపే స్థానిక సంస్థ (హాస్పిటల్ డిస్ట్రిక్ట్) ఉంటే, టెండరు తెరిచే ముందు వాళ్లనూ ఒక అంచనా అడగాలి. లేని చిన్న కౌంటీలకు కంపెనీయే గతి, అందులో సిగ్గుపడాల్సింది లేదు.


విశ్రాంత_వైద్యుడు (రాజమహేంద్రవరం)

ఇక్కడి నుంచి ఆసక్తిగా చదువుతున్నాను. నేను ప్రభుత్వ వైద్యుడిగా కొన్నేళ్లు ఒక సెంట్రల్ జైలులో డెప్యుటేషన్ మీద పని చేశాను. మన దగ్గర జైళ్లు రాష్ట్ర ప్రభుత్వానివి, జైలు డాక్టరు ప్రభుత్వ ఉద్యోగి, ఖర్చు తగ్గిస్తే తనకేమీ మిగలదు. అయినా రోగి ఆలస్యంగానే ఆసుపత్రికి చేరేవాడు. కారణం డబ్బు కాదు, ఎస్కార్టు. పోలీసులు బందోబస్తుకు పోయారు, ఇవాళ మనుషులు లేరు, రేపు తీసుకెళదాం. ఆ రేపు కోసం క్షయ రోగులు వారాలు ఎదురుచూసిన సందర్భాలు నాకు తెలుసు.

మీ దగ్గర కంపెనీ ఎంత మంచిదైనా, 'ఈ రోగి ఇప్పుడే బయటికి వెళ్లాలి' అని డాక్టరు రాస్తే దాన్ని ఆపగల అధికారం జైలు అధికారికి ఉందా? ఆపితే ఎవరు, ఎందుకు ఆపారో రాతపూర్వకంగా నమోదవుతుందా? కాంట్రాక్టు కంపెనీతో మాత్రమే చేసుకుని షెరీఫ్‌ను అందులో చేర్చకపోతే సగం పనే అయినట్టు.


రాత్రి_డ్యూటీ

డాక్టరు గారూ, సముద్రం దాటినా అదే కథ. మా జైల్లో నిపుణుల అపాయింట్‌మెంట్లు రద్దయ్యేది ఎక్కువగా వాహనం, గార్డు లేకనే. కంపెనీ నెలవారీ నివేదికలో అవి 'రోగి నిరాకరించాడు' అని ఎక్కేవి. నిరాకరణ పత్రం మీద రోగి సంతకం, దాన్ని కళ్లారా చూసిన నర్సు సంతకం రెండూ లేకపోతే లెక్కలోకి రాకూడదని పెట్టండి.


చట్టం_చుట్టం

రికార్డుల మాట వచ్చింది కాబట్టి: 2016లో మిల్వాకీ కౌంటీ జైలులో టెర్రిల్ థామస్ అనే వ్యక్తి దాహంతో చనిపోయాడు. అతని గదికి జైలు సిబ్బంది ఏడు రోజుల పాటు నీళ్లు ఆపేశారు. అక్కడి వైద్య కంపెనీ ఆర్మర్ మీద రికార్డుల్లో తప్పుడు రాతలు రాసినందుకు కూడా నేరాభియోగం మోపారు, 2022లో జ్యూరీ దోషిగా తేల్చింది. ఒక సంస్థ మీద క్రిమినల్ తీర్పు రావడం చాలా అరుదు. మూడు కంపెనీలనూ ఐదేళ్లలో పడిన దావాలు, కుదుర్చుకున్న రాజీలు, మరణాల అంతర్గత సమీక్షలు అడగండి. 'గోప్యం' అంటారు. పేర్లు తీసేసి ఇవ్వమనండి.


మనసు_మాట (సోషల్ వర్కర్, డల్లాస్ ప్రాంతం)

మానసిక ఆరోగ్యం గురించి ఎవరూ ఎత్తలేదేమిటా అని చూస్తున్నాను. కౌంటీ జైళ్లలో మరణాలకు ఒక్కొక్క కారణంగా చూస్తే ఏళ్లుగా ఆత్మహత్యే ముందుంది. 2015లో వాలర్ కౌంటీ జైలులో సాండ్రా బ్లాండ్ మరణం తర్వాత టెక్సాస్ 2017లో ఆమె పేరుతో చట్టం తెచ్చింది. జైలు మరణాలపై బయటి సంస్థతో దర్యాప్తు చేయించడం అందులో ఒకటి. ఆత్మహత్య ఆలోచన, మానసిక రోగం ఉన్నవారిని కనీసం 30 నిమిషాలకొకసారి ఎదురుగా వెళ్లి చూడాలని రాష్ట్ర జైలు ప్రమాణాల కమిషన్ నిబంధన. అయితే అది గార్డులు చూసే చూపు. కౌన్సెలరు ఎప్పుడు చూస్తాడన్నది కాంట్రాక్టులో ఉండాలి. ఒక టీవీ తెర మీద వారానికోసారి కనిపించే సైకియాట్రిస్టును 'పూర్తి సేవ' అని రాసే కంపెనీలున్నాయి. తెర ద్వారా వైద్యం తప్పని నేననను, పల్లె కౌంటీల్లో అది కూడా లేకపోతే ఏమీ ఉండదు. కానీ మందు మార్చాక మర్నాడు మనిషిని చూసేది ఎవరు?

మత్తుకు బానిసైనవారి చికిత్స మరో పెద్ద ప్రశ్న. బయట నల్లమందు జాతి మత్తు మానడానికి బుప్రెనార్ఫిన్ గానీ మెథడోన్ గానీ మందుగా తీసుకుంటున్నవాడు లోపలికి రాగానే ఆ మందు ఆపేయడం చాలా చోట్ల ఆచారం. అది వికలాంగుల హక్కుల చట్టానికి విరుద్ధం కావచ్చని కేంద్ర న్యాయ శాఖ 2022లో స్పష్టం చేసింది. బుప్రెనార్ఫిన్ రాయడానికి డాక్టర్లకు ఒకప్పుడు కావలసిన ప్రత్యేక అనుమతి 2023 నుంచి అవసరం లేదు. కాబట్టి 'మా డాక్టరుకు అనుమతి లేదు' అన్న సాకు చెల్లదు.

విడుదల రోజు మర్చిపోకండి. వాషింగ్టన్ రాష్ట్ర కారాగారాల నుంచి బయటపడినవారిపై 2007లో వచ్చిన అధ్యయనంలో, మొదటి రెండు వారాల్లో వారు చనిపోయే అవకాశం మామూలు జనంకన్నా 12.7 రెట్లు, మత్తు మోతాదు మించి చనిపోయే అవకాశం 129 రెట్లు. గేటు దగ్గర చేతిలో మందులు, నాలోక్సోన్ (మత్తు మోతాదు మించితే ప్రాణం కాపాడే మందు), ఒక అపాయింట్‌మెంటు తేదీ పెట్టి పంపే కంపెనీకి మార్కులు వేయండి. రాత్రి పన్నెండింటికి విడుదలైనవాడికీ ఇది వర్తించాలి.


గోదారి_గట్టు

ఎవరూ అడగని విషయం: కమిటీలో ఉన్నవారికి కంపెనీలతో సంబంధం ఉందా? మా రాష్ట్రంలో నార్ఫోక్ మాజీ షెరీఫ్ రాబర్ట్ మెక్‌కేబ్ జైలు కాంట్రాక్టర్ల దగ్గర లంచాలు తీసుకున్నందుకు 2021లో దోషిగా తేలాడు, 12 ఏళ్ల శిక్ష పడింది. అందులో వైద్య కాంట్రాక్టు ఉంది, ఆ కంపెనీ వ్యవస్థాపకుడూ నేరం ఒప్పుకున్నాడు. లంచం దాకా పోనక్కర్లేదు. ఎన్నికల విరాళాలు, సమావేశాలకు విమాన టికెట్లు, రిటైరయ్యాక సలహాదారు ఉద్యోగం. మార్కులు వేసే ముందు అందరూ ప్రకటన పత్రం మీద సంతకం పెట్టమనండి, మీరు ముందుగా పెట్టండి.


పాలమూరు_ప్రవాసి

అందరికీ ధన్యవాదాలు. మీ మాటలు పట్టుకుని కొన్ని ప్రశ్నలు పంపించాను, జవాబులు వచ్చాయి. పేర్లు చెప్పను.

ఇన్సులిన్ ప్రశ్నకు ఒక కంపెనీ గంటలతో సహా ఒక పేజీలో జవాబిచ్చింది. ఒకటి 'జాతీయ ప్రమాణాల ప్రకారం' అని మూడు పేజీలు రాసింది, గంట మాత్రం ఎక్కడా లేదు. తక్కువ ధర వేసిన కంపెనీ 'కాంట్రాక్టు వచ్చాక స్థానిక విధానం రూపొందిస్తాం' అంది. గట్టు గారు చెప్పినట్టు మూడేళ్ల బిల్లులు వాళ్ల షరతుల్లో వేసి చూస్తే, ఆ కంపెనీ చవక సగానికి పైగా కరిగిపోయింది. బయటి వైద్యం పరిమితి చాలా కింద పెట్టారు.

కమిటీలో నేను కోరబోయేవి ఇవి. ధర 40 అలాగే ఉంటుంది, మాస్టారు అన్నట్టు అసలు ధరకు. అనుభవం 25లో పదిని, ఆ కంపెనీని వదులుకున్న కౌంటీలకు ఫోను చేసి తెలుసుకున్న దానికి ఇవ్వాలి. వాళ్లే ఇచ్చిన పరిచయాల జాబితాలో అందరూ పొగిడేవాళ్లే ఉంటారు. అన్నిటికన్నా ముఖ్యంగా, కంపెనీ జీతంలో కాక కౌంటీ జీతంలో ఒక నర్సును పర్యవేక్షకురాలిగా పెట్టాలి. ఆమె రికార్డులు, షిఫ్టు హాజరు, రద్దయిన అపాయింట్‌మెంట్లు చూసి పాలకమండలికి నేరుగా నివేదిక ఇవ్వాలి. ఈ చివరిదానికి అధికారుల నుంచి 'జైలు వైద్య ప్రమాణాలు చూసి గుర్తింపు ఇచ్చే సంస్థ తనిఖీ ఉందిగా' అనే అభ్యంతరం వస్తోంది.


హ్యూస్టన్_వైద్యుడు

ఆ గుర్తింపు స్వచ్ఛందం. తనిఖీ బృందం కొన్నేళ్లకొకసారి ముందే చెప్పి వస్తుంది. విధానాలు ఉన్నాయా అని చూడడానికి మంచిదే. నిన్న రాత్రి ఏమి జరిగిందో దానికి తెలియదు. పర్యవేక్షకురాలి పదవిని వదులుకోవద్దు. ఆమె జీతం మొత్తం కాంట్రాక్టులో చాలా చిన్న భాగం.


చట్టం_చుట్టం

రెండు షరతులు చేర్చండి. ఒకటి, ఎలక్ట్రానిక్ వైద్య రికార్డులు కౌంటీ సొత్తు. కంపెనీ వెళ్లేటప్పుడు వాడుకోదగ్గ రూపంలో అప్పగించాలి, అదనపు రుసుము లేకుండా. రెండు, కంపెనీ తప్పుకోవాలంటే 180 రోజుల నోటీసు. 90 రోజుల్లో కొత్తవారిని వెతికి, నర్సుల నేపథ్య తనిఖీలు పూర్తి చేయించడం కష్టం. నోటీసు చిన్నదైతే వాళ్లు ఏటా ధర పెంచమని బెదిరించవచ్చు.


లెక్కల_మాస్టారు

కౌంటీ వైపు నుంచి మాత్రం 60 రోజులు చాలని పెట్టండి. సమానత్వం అవసరం లేదు, డబ్బు ఇచ్చేది మనం.


రాత్రి_డ్యూటీ

ఒక విషయం మిగిలింది. కాంట్రాక్టు చేతులు మారినప్పుడు కొత్త కంపెనీ చాలావరకు పాత నర్సులనే తీసుకుంటుంది. అంటే మీరు ఎవరిని ఎంచుకున్నా వచ్చే ఏడాది మందుల బండి తోసేది ఇప్పుడు తోస్తున్నవాళ్లే. కాబట్టి దరఖాస్తుల్లో రెండు చూడండి: వాళ్లకు గంటకు ఎంత ఇస్తామంటున్నారు, అది మీ ఊరి ఆసుపత్రి జీతానికి ఎంత దూరంలో ఉంది. తక్కువ జీతం వేసిన పట్టిక ఆరు నెలల్లో ఖాళీ అవుతుంది. మీరు కోత విధించినా మంచం దగ్గర నర్సు ఉండదు. వీలైతే ఇప్పటి నర్సులతో మాట్లాడండి, వాళ్ల సూపర్‌వైజరు పక్కన లేకుండా.


పాలమూరు_ప్రవాసి

జీతాల సంగతి ఇప్పుడే చూశాను. ఇన్సులిన్‌కు గంటలతో జవాబిచ్చిన కంపెనీ మా ఆసుపత్రి జీతానికి దగ్గరగా వేసింది, మిగతా ఇద్దరూ బాగా కింద ఉన్నారు. వాళ్ల ధరల తేడాలో ఎక్కువ భాగం అక్కడిదే. నర్సులతో మాట్లాడేందుకు షెరీఫ్ కార్యాలయాన్ని అనుమతి అడిగాను. ముందు కుదరదన్నారు, తర్వాత రాత్రి షిఫ్టు మొదలయ్యే వేళకు రమ్మన్నారు. అక్కా, ఆ అరగంటలో ఏమేమి అడగాలో వరుసగా రాసి పెడతారా?


రాత్రి_డ్యూటీ

రేపు ఉదయానికి పెడతాను. మొదటి ప్రశ్న ఇప్పుడే రాసుకోండి: 'నిన్న రాత్రి ఎంత మంది రావాలి, ఎంత మంది వచ్చారు?'